అమెరికాలో హోమ్‌స్కూల్, ప్రైవేటు హైస్కూలు పిల్లలు: ఏ పరీక్ష ఎవరి కోసం రాయాలి?

"ఇంట్లో చదువుకునే పిల్లలకు పరీక్షల గొడవే లేదట" అంటారు ఒకరు. "జీఈడీ (హైస్కూలు డిప్లొమాకు బదులుగా రాసే పరీక్ష) రాయకపోతే ఏ కాలేజీ గడప తొక్కనివ్వరట" అంటారు ఇంకొకరు. రెండు మాటలూ పుట్టడానికి ఏదో ఒక ఆధారం ఉంది. అయినా రెండూ తప్పే. ఈ రెండు మూడేళ్లలో అయోమయం ఇంకా పెరిగింది. కరోనా కాలంలో శాట్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష అక్కర్లేదన్న పెద్ద కాలేజీలు కొన్ని మళ్లీ కావాలంటున్నాయి. శాట్ కాగితం వదిలి కంప్యూటర్‌లోకి వెళ్లింది. దాని పోటీ పరీక్ష ఏసీటీ రూపం మారింది. ప్రైవేటు చదువుకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే రాష్ట్రాలు పెరిగాయి, కొన్నిచోట్ల ఆ సొమ్ము వెనకే కొత్త పరీక్షలూ వచ్చాయి.

ముందుగా ఒక మాట. మన దగ్గర "ప్రైవేటుగా పరీక్ష కట్టడం" అంటే బడికి వెళ్లకుండా నేరుగా బోర్డు పరీక్ష రాయడం. అమెరికాలో ఆ అర్థం లేదు. అక్కడ ప్రైవేటు విద్యార్థి అంటే ఫీజు కట్టి ప్రైవేటు స్కూలుకు వెళ్లేవాడు. ఇంట్లో చదివేవాడు హోమ్‌స్కూలర్. వీళ్లిద్దరూ కట్టి పాసవ్వాల్సిన జాతీయ బోర్డు పరీక్ష అనేదే అక్కడ లేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మూడు రకాల పరీక్షలు, అడిగేవాళ్లు ముగ్గురు

ఏ పరీక్ష పేరు వినిపించినా మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: దీన్ని అడుగుతున్నది ఎవరు?

మొదటిది రాష్ట్ర చట్టం. "ఈ బిడ్డ నిజంగా చదువుకుంటున్నాడా?" అన్నది దాని ప్రశ్న. దీనికోసం రాసేవి అయోవా, స్టాన్‌ఫర్డ్, క్యాట్ (కాలిఫోర్నియా అచీవ్‌మెంట్ టెస్ట్) వంటి అచీవ్‌మెంట్ టెస్టులు. రెండోది కాలేజీ లేదా స్కాలర్‌షిప్ ఇచ్చే సంస్థ. "మిగతా పిల్లల పక్కన వీడెక్కడ నిలుస్తాడు?" అని అది అడుగుతుంది. శాట్, ఏసీటీ, ఏపీ (కాలేజీ స్థాయి సబ్జెక్టు పరీక్షలు), పీశాట్ (శాట్‌కు ముందు రాసే అలాంటి పరీక్షే) ఈ కోవలోవి. మూడోది "హైస్కూలు పూర్తయిందా?" అన్న ప్రశ్న. జీఈడీ, హైసెట్ దానికి జవాబులు, అదీ డిప్లొమా లేనివాళ్లకు. మొదటి ప్రశ్నకు పరీక్ష అక్కర్లేని రాష్ట్రంలో ఉన్నంత మాత్రాన రెండో ప్రశ్న నుంచి మినహాయింపు రాదు. మూడోదైతే చాలామందిని అసలు ఎవరూ అడగరు, ఊరికే భయపడతారంతే.

ఫెడరల్ చట్టం పక్కకు తప్పుకుంది

2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ ప్రకారం ప్రభుత్వ బడుల్లో 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా, హైస్కూలులో ఒకసారి రీడింగ్, మ్యాథ్స్ పరీక్షలు పెట్టాలి. సైన్సుకు వేరే లెక్క ఉంది. ఇంట్లో చదివే పిల్లలకూ, ఆ చట్టం కింద సొమ్ము తీసుకోని ప్రైవేటు స్కూళ్లకూ ఇది వర్తించదని అదే చట్టంలో రాసి ఉంది. పిల్లల్ని ప్రైవేటు బడికి పంపుకునే హక్కు తల్లిదండ్రులదని అమెరికా సుప్రీంకోర్టు 1925లోనే ఒరెగాన్ కేసులో తేల్చింది. హోమ్‌స్కూలింగ్ 1990ల మొదట్లోనే 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది. అయితే ఏ షరతుల మీద అన్నది ప్రతి రాష్ట్రమూ తన ఇష్టప్రకారం రాసుకుంది.

రాష్ట్రం సరిహద్దు దాటితే నియమం మారుతుంది

టెక్సస్‌లో ఇంటి బడిని చట్టం ప్రైవేటు స్కూలుగానే చూస్తుంది. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఈ సంగతి ఖాయం చేసింది. ప్రభుత్వ బడి పిల్లలు రాసే స్టార్ పరీక్షలు వీళ్లకు లేవు. కాలిఫోర్నియాలో తల్లిదండ్రులు ఏటా అక్టోబరు మొదటి పక్షంలో ప్రైవేటు స్కూలు అఫిడవిట్ దాఖలు చేసి ఇంట్లో చదివించవచ్చు, పరీక్ష ఉండదు. న్యూజెర్సీ, ఇల్లినాయ్ కూడా పరీక్ష అడగవు. ఒహాయోలో ఏటా మదింపు ఉండేది, 2023లో దాన్ని ఎత్తేశారు. పాత వివరాలు పట్టుకుని తిరిగేవాళ్లు ఇప్పటికీ అక్కడ పరీక్ష ఉందనే చెబుతుంటారు.

రెండో కొసన న్యూయార్క్ ఉంది. అక్కడ చదువు ప్రణాళిక ముందే ఇవ్వాలి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. చిన్న తరగతుల్లో పరీక్ష బదులు రాతపూర్వక మదింపుకు కొంత వెసులుబాటు ఉంది. 9 నుంచి 12 దాకా మాత్రం ఏటా అనుమతించిన అచీవ్‌మెంట్ టెస్టు రాయాల్సిందే. మొత్తం స్కోరు 33వ పర్సెంటైల్ దాటాలి, లేదా కిందటి పరీక్షతో పోలిస్తే ఒక విద్యా సంవత్సరం మేరకు ఎదుగుదల కనిపించాలి. ఈ రెండింటిలో ఏదీ లేకపోతే ఇంటి చదువును రెండేళ్ల దాకా ప్రొబేషన్‌లో పెట్టవచ్చు. అంటే లోపాలు సరిదిద్దే ప్రణాళిక ఇచ్చి, దాని ప్రకారం నడిపించాలి.

మధ్యలో ఉన్న రాష్ట్రాలే ఎక్కువ గందరగోళం పెడతాయి. పెన్సిల్వేనియాలో 3, 5, 8 తరగతుల్లో పరీక్ష ఉంది, హైస్కూలులో లేదు. దాని బదులు ఏటా పిల్లవాడి పనిని అర్హత ఉన్న మూల్యాంకనకర్త చూసి ధ్రువీకరించాలి. టెనెస్సీలో స్వతంత్రంగా చదివించేవాళ్లకు 5, 7, 9 తరగతుల్లో. జార్జియాలో 3వ తరగతి చివర మొదలుపెట్టి మూడేళ్లకోసారి. నార్త్ కరొలైనాలో హోమ్‌స్కూల్ పిల్లలకు ప్రతి సంవత్సరం. జార్జియా, నార్త్ కరొలైనా, వాషింగ్టన్ వంటిచోట్ల ఫలితాన్ని ఏ ఆఫీసుకూ పంపనక్కర్లేదు, ఇంట్లో ఫైలులో ఉంచుకుంటే చాలు. పరీక్ష తప్పనిసరి అన్న మాటకూ ఫలితం పంపడం తప్పనిసరి అన్న మాటకూ ఇంత తేడా ఉంది. రాష్ట్రాల పోలిక పట్టికలు చాలావాటిలో ఈ తేడా కనిపించదు.

ఉద్యోగం మారి కుటుంబం ఏడాది మధ్యలో డాలస్ నుంచి న్యూయార్క్‌లోని రోచెస్టర్‌కు వెళ్లిందనుకుందాం. పిల్ల పదో తరగతి. టెక్సస్‌లో ఒక్క పరీక్షా రాయలేదు, తప్పు చేసిందీ లేదు. కానీ న్యూయార్క్‌లో ఆ ఏడాది చివర ఆమె పరీక్ష రాయాలి, ఆ ఫలితం నాలుగో త్రైమాసిక నివేదికతో స్థానిక బడులను నడిపే జిల్లా (స్కూల్ డిస్ట్రిక్ట్) ఆఫీసుకు వెళ్లాలి. పోల్చడానికి పాత స్కోరు లేదు కాబట్టి "ఎదుగుదల" దారి ఆమెకు మూసుకుపోయింది, 33వ పర్సెంటైల్ దాటడమొక్కటే మిగిలింది. చట్టం అడగని రాష్ట్రంలో ఉన్నా ఏడాదికొక చిన్న పరీక్ష రాయించి ఫైలులో పెట్టుకునే కుటుంబాల లెక్క ఇదే.

ప్రైవేటు స్కూలైతే సొమ్ము ఎవరిదో చూడాలి

మొత్తం ఫీజు తల్లిదండ్రులే కట్టే స్కూలు చాలా రాష్ట్రాల్లో రాష్ట్ర పరీక్షలు పెట్టనక్కర్లేదు. నార్త్ కరొలైనాలో మాత్రం ఏదో ఒక పరీక్ష తప్పదు. అక్కడ మామూలు ప్రైవేటు స్కూళ్లు 3, 6, 9, 11 తరగతుల్లో ప్రామాణిక పరీక్ష పెట్టాలి. ఇంట్లో చదివేవాళ్లకు ఏటా, స్కూలుకెళ్లేవాళ్లకు నాలుగుసార్లే. ఒకే రాష్ట్రంలో ఈ రెంటినీ ఒకటే అనుకుని పొరపడేవాళ్లు ఎక్కువ.

ప్రైవేటు చదువుకు రాష్ట్రమిచ్చే సొమ్ము, అంటే వోచరో, ఎడ్యుకేషన్ సేవింగ్స్ అకౌంటో, మధ్యలోకి వస్తే కథ మారుతుంది. ఫ్లోరిడాలో రాష్ట్ర స్కాలర్‌షిప్ తీసుకునే ప్రైవేటు స్కూలు పిల్లలకు 3 నుంచి 10 దాకా జాతీయ ప్రమాణాలున్న పరీక్ష ఉంటుంది. విస్కాన్సిన్‌లో వోచరు పిల్లలు ప్రభుత్వ బడి పిల్లలు రాసే రాష్ట్ర పరీక్షలే రాస్తారు. ఆరిజోనా 2022లో అందరికీ అకౌంట్లు తెరిచింది, పరీక్ష మాత్రం పెట్టలేదు. అందువల్ల ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి వేర్వేరు నియమాలు ఉండవచ్చు. సొమ్ము తీసుకునే ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అందులోని పరీక్షల షరతు చదవాలి.

33వ పర్సెంటైల్ అంటే 33 మార్కులు కాదు

జేఈఈ చూసినవాళ్లకు పర్సెంటైల్ కొత్త మాట కాదు. అయినా ఇక్కడ పొరపడేవాళ్లు తక్కువేమీ కాదు. అచీవ్‌మెంట్ టెస్టు తయారుచేసేటప్పుడు దేశమంతటి నుంచి ఒక నమూనా గుంపుకు దాన్ని ముందే పెడతారు. ఆ గుంపుతోనే మన పిల్లవాణ్ని పోలుస్తారు. 33వ పర్సెంటైల్ అంటే ఆ గుంపులో నూటికి 33 మందితో సమానంగా గానీ, వాళ్లకంటే బాగా గానీ రాశాడని అర్థం. ప్రశ్నల్లో సగానికి పైగా సరిగ్గా రాసి కూడా ఇక్కడే ఆగిపోవచ్చు.

వర్జీనియా వంటి రాష్ట్రాలు స్టానైన్ అనే కొలత వాడతాయి. పర్సెంటైళ్లను తొమ్మిది అంతస్తులుగా విడగొడితే వచ్చేవే స్టానైన్లు. నాలుగో అంతస్తు 23వ పర్సెంటైల్ దగ్గర మొదలవుతుంది. వర్జీనియాలో "నాలుగో స్టానైన్ లేదా ఆపైన" అంటే 23 వస్తే చాలు. మిన్నెసోటాలో గుర్తింపు లేని ఇంటి బడిలో పిల్లవాడు 30 కంటే తక్కువ తెచ్చుకుంటే, అభ్యసన సమస్య ఏమైనా ఉందేమో మరింత పరిశీలన చేయించాలి. అంటే 25వ పర్సెంటైల్ తెచ్చుకున్న పిల్లవాడికి వర్జీనియాలో అంతా సవ్యమే. మిన్నెసోటాలో అదనపు పరిశీలన పడుతుంది. న్యూయార్క్‌లో ఎదుగుదల చూపలేకపోతే ప్రొబేషన్ దాకా వెళ్లవచ్చు. పిల్లవాడు అతడే, స్కోరూ అదే.

ఎదుగుదల లెక్క ఇలా ఉంటుంది. ఒక పిల్లవాడు 8వ తరగతి చివర 24వ పర్సెంటైల్‌లో ఉన్నాడు, గ్రేడ్ ఈక్వివలెంట్ (స్కోరును తరగతి లెక్కలో చెప్పే అంకె) 6.4 వచ్చింది. 9వ తరగతి చివర అదే కంపెనీ పరీక్షలో 28వ పర్సెంటైల్, గ్రేడ్ ఈక్వివలెంట్ 7.5. ఇంకా 33 దాటలేదు. కానీ ఏడాదిలో 1.1 గ్రేడ్ ఎదిగాడు కాబట్టి రెండో దారిలో నియమం తీరినట్టు చూపవచ్చు. ఒక ఏడు అయోవా, మరుసటి ఏడు ఇంకొకటి రాస్తే నమూనా గుంపులే వేరు కాబట్టి ఈ పోలిక నిలబడదు. గ్రేడ్ ఈక్వివలెంట్‌ను ఉన్నదున్నట్టు నమ్మకూడదు కూడా. తొమ్మిదో తరగతి పిల్లకు 12.5 వచ్చిందంటే పన్నెండో తరగతి పాఠాలు వచ్చేసినట్టు కాదు. అదే తొమ్మిదో తరగతి పేపరును పన్నెండో తరగతి పిల్లలు రాస్తే సగటున ఎంత తెచ్చుకుంటారో అంత తెచ్చుకుందని మాత్రమే.

ఇంకో పొరపాటు పేరు దగ్గర జరుగుతుంది. స్టాన్‌ఫర్డ్ అచీవ్‌మెంట్ టెస్టును కూడా పొట్టిగా రాస్తే ఇంగ్లిషులో శాట్ అనే వస్తుంది. రాష్ట్ర నియమాల్లో ఆ మూడక్షరాలు కనబడితే అది కాలేజీ శాటో, స్టాన్‌ఫర్డ్ పరీక్షో పూర్తి పేరు చూసి తేల్చుకోవాలి.

కాలేజీ పరీక్షలు: శాట్, ఏసీటీ, సీఎల్‌టీ

ఈ మూడింటికీ ఏ స్కూలు అనుమతీ అక్కర్లేదు. విద్యార్థే నేరుగా నమోదు చేసుకోవచ్చు. నమోదులో స్కూలు కోడ్ అడిగే చోట హోమ్‌స్కూల్ వాళ్లకు వేరే సంఖ్యలున్నాయి: శాట్‌కు 970000, ఏసీటీకి 969999. పక్కింటి హైస్కూలు కోడ్ వేస్తే ఫలితాలు ఆ స్కూలుకు వెళ్లిపోతాయి.

శాట్ అమెరికాలో 2024 మార్చి నుంచి పూర్తిగా డిజిటల్. బ్లూబుక్ అనే యాప్‌లో రాయాలి. రీడింగ్ అండ్ రైటింగ్ రెండు మాడ్యూళ్లు, ఒక్కొక్కటి 27 ప్రశ్నలు, 32 నిమిషాలు. మ్యాథ్స్ రెండు మాడ్యూళ్లు, ఒక్కొక్కటి 22 ప్రశ్నలు, 35 నిమిషాలు. మొత్తం 98 ప్రశ్నలు, 2 గంటల 14 నిమిషాలు. స్కోరు 400 నుంచి 1600. మొదటి మాడ్యూల్ ఎలా రాశారన్న దాన్ని బట్టి రెండోది కఠినంగానో సులువుగానో వస్తుంది. సులువైనది వస్తే అన్నీ సరిగ్గా రాసినా పైస్థాయి స్కోరు అందదు. అందుకే మొదటి మాడ్యూల్‌లో తొందరపాటు తప్పులు ఎక్కువ నష్టం చేస్తాయి.

ఏసీటీ 2025లో రూపం మార్చుకుంది. ఇంగ్లిష్ 50 ప్రశ్నలు, మ్యాథ్స్ 45, రీడింగ్ 36. సైన్స్ ఇప్పుడు ఐచ్ఛికం. కాంపోజిట్ అంటే ఇంగ్లిష్, మ్యాథ్స్, రీడింగ్ మూడింటి సగటే. ఒక విద్యార్థికి ఇంగ్లిష్‌లో 31, మ్యాథ్స్‌లో 28, రీడింగ్‌లో 33, సైన్స్‌లో 26 వచ్చాయనుకోండి. పాత లెక్కలో నాలుగింటి సగటు 29.5, అది 30 అవుతుంది. కొత్త లెక్కలో మూడింటి సగటు 30.67, అది 31. సైన్స్ బలహీనమైన వాళ్లకు ఇది లాభమే. కొన్ని కాలేజీలు, కోర్సులు మాత్రం సైన్స్ స్కోరు కూడా చూడాలంటాయి కాబట్టి నమోదుకు ముందే వాటి జాబితా పక్కన పెట్టుకోవాలి.

సీఎల్‌టీ అంటే క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్. 2015లో మొదలైంది. 120 ప్రశ్నలు, రెండు గంటలు, స్కోరు 120కి. క్యాలిక్యులేటర్ వాడనివ్వరు. ఇంటి నుంచే ఆన్‌లైన్ పర్యవేక్షణలో రాసే వీలుంది కాబట్టి హోమ్‌స్కూల్ కుటుంబాల్లో ఆదరణ ఉంది. ఫ్లోరిడా ప్రభుత్వ యూనివర్సిటీలు 2023 నుంచి దీన్ని అంగీకరిస్తున్నాయి. తీసుకునే కాలేజీల్లో చిన్న, మతసంస్థల ఆధ్వర్యంలోని కాలేజీలు ఎక్కువ. ఫ్లోరిడా బయట పెద్ద పరిశోధక యూనివర్సిటీలకు దరఖాస్తు చేసే పిల్లలకు శాట్ లేదా ఏసీటీ బదులుగా ఇది పనికొస్తుందని అనుకోకూడదు.

హోమ్‌స్కూల్ పిల్లలు పరీక్ష రోజున ఎక్కువగా చిక్కుకునేది గుర్తింపు కార్డు దగ్గర. స్కూలు ఐడీ వాళ్లకు ఉండదు. పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో ఉంటే సరిపోతుంది. లేకపోతే శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డు వారి స్టూడెంట్ ఐడీ ఫారం నింపి, ఫొటో అంటించి, నోటరీ చేయించాలి. ఆ పని ముందురోజు రాత్రి గుర్తొస్తే లాభం లేదు. లాప్‌టాప్ లేనివాళ్లు కాలేజ్ బోర్డు నుంచి అరువు కోరవచ్చు, కానీ కనీసం 30 రోజుల ముందు అడగాలి. డిస్లెక్సియా వంటి కారణాలతో అదనపు సమయం కావాలంటే అనుమతికి ఏడు వారాల దాకా పట్టవచ్చు. స్కూలు పిల్లలకు ఈ దరఖాస్తు స్కూలే పెడుతుంది, ఇంట్లో చదివేవాళ్లు కాగితాలు తామే పంపుకోవాలి.

పీశాట్: ఒక్క అక్టోబరు, ఒక్క అవకాశం

పీశాట్‌కు విద్యార్థి నేరుగా నమోదు చేసుకోలేడు. ఏదో ఒక హైస్కూలు తన పిల్లలతో పాటు కూర్చోబెట్టడానికి ఒప్పుకోవాలి. ఈ పరీక్ష అక్టోబరులో ఉంటుంది, స్కూళ్లు ఆర్డర్లు ముందే పెడతాయి. కాబట్టి కౌన్సెలర్‌తో మాట్లాడాల్సింది వేసవి సెలవులకు ముందే. సెప్టెంబరులో ఫోన్ చేస్తే "సీట్లు అయిపోయాయి" అన్న జవాబే ఎక్కువసార్లు వస్తుంది.

పదకొండో తరగతిలో రాసే పీశాట్‌తోనే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ పోటీలోకి వెళ్లేది. అందులో చూసేది మొత్తం స్కోరు కాదు, సెలక్షన్ ఇండెక్స్. రీడింగ్ అండ్ రైటింగ్ స్కోరును రెట్టింపు చేసి, మ్యాథ్స్ కలిపి, పదితో భాగించాలి. రీడింగ్‌లో 720, మ్యాథ్స్‌లో 750 వస్తే 1440కి 750 కలిపి 2190, పదితో భాగిస్తే 219. అవే మార్కులు తారుమారైతే, రీడింగ్‌లో 750, మ్యాథ్స్‌లో 720 అయితే 222. మొత్తం స్కోరు రెండింట్లోనూ 1470 అయినా మూడు పాయింట్ల తేడా. లెక్కల్లో మెరికల్లాంటి పిల్లలు కొందరు ఇక్కడే జారిపోతారు. పైగా సెమీఫైనలిస్టు కటాఫ్ రాష్ట్రానికొకటి, ఏటా మారుతుంది. అదే 219 ఒక రాష్ట్రంలో గట్టెక్కిస్తుంది, ఇంకో రాష్ట్రంలో చాలదు. అనారోగ్యం వంటి కారణాలతో పరీక్ష తప్పిపోతే శాట్ స్కోరుతో ప్రత్యామ్నాయ ప్రవేశం కోరే వీలుంది, ఆ విజ్ఞప్తి మాత్రం నేషనల్ మెరిట్ సంస్థకు గడువులోగా చేరాలి.

ఏపీ పరీక్షలు: మే నెల పరీక్షకు సెప్టెంబరులో పరుగు

ఏపీ అనగానే మనకు గుర్తొచ్చేది ఆంధ్రప్రదేశ్. ఇక్కడ మాత్రం అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజీ స్థాయి సబ్జెక్టు పరీక్షలు, స్కోరు 1 నుంచి 5. హోమ్‌స్కూల్ పిల్లలకు వీటి విలువ ఒకప్పటికంటే పెరిగింది. తల్లి వేసిన మార్కులకు బయటి రుజువుగా శాట్ సబ్జెక్ట్ టెస్టులు ఉండేవి. 2021లో వాటిని ఆపేశారు. ఆ ఖాళీని ఇప్పుడు నింపుతున్నది ఏపీ పరీక్షలే.

క్లాసు తీసుకోకుండా కూడా పరీక్ష రాయవచ్చు. అయితే పీశాట్ లాగే ఒక స్కూలు చేర్చుకోవాలి. ఆ స్కూలు ఏపీ కోఆర్డినేటర్ "పరీక్ష మాత్రమే" విభాగానికి జాయిన్ కోడ్ ఇస్తారు, దాన్ని మై ఏపీ ఖాతాలో ఎక్కించాలి. ఆర్డర్ గడువు నవంబరు మధ్యలో. ఆ తర్వాత ఆలస్య రుసుము పడుతుంది, చాలా స్కూళ్లు అప్పటికి బయటివాళ్లను తీసుకోవు కూడా. 2025లో పరీక్ష రుసుము 99 డాలర్లు, స్కూలు తన నిర్వహణ ఖర్చు దానికి కలపవచ్చు. మే 2025 నుంచి 28 ఏపీ పరీక్షలు బ్లూబుక్‌లోకి మారాయి. స్కూళ్లు బయటి పిల్లల్ని కాదనడానికి కారణం సాధారణంగా కక్ష కాదు. గదులు, పర్యవేక్షకులు, పరికరాలు తమ పిల్లలకే చాలవు. ఏపీ కోర్సులు నడపని చిన్న ప్రైవేటు స్కూళ్ల పిల్లలకూ ఇదే అవస్థ. ఒకే స్కూలును నమ్ముకోకుండా ఆగస్టులోనే నాలుగైదింటిని అడగాలి.

రెండు సూక్ష్మాలున్నాయి. ఏపీ సెమినార్, ఏపీ రీసెర్చ్ పరీక్షలు బయటి విద్యార్థులకు తెరిచి ఉండవు. ఇక, ట్రాన్‌స్క్రిప్ట్‌లో (హైస్కూలు మార్కుల పట్టికలో) కోర్సు పేరుకు "ఏపీ" అని తగిలించాలంటే సిలబస్‌ను కాలేజ్ బోర్డు కోర్స్ ఆడిట్‌కు పంపి ఆమోదం పొందాలి. హోమ్‌స్కూల్ తల్లిదండ్రులూ పంపవచ్చు. ఆమోదం లేకపోతే కోర్సును "అడ్వాన్స్‌డ్ కెమిస్ట్రీ" అని రాసి, పక్కన ఏపీ పరీక్ష స్కోరు చూపితే సరి.

"శాట్ ఐచ్ఛికం" అన్న మాటకు మినహాయింపులు

ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, యేల్ 2024 ఫిబ్రవరిలో, హార్వర్డ్, కాల్టెక్ ఆ ఏప్రిల్‌లో పరీక్షలను తిరిగి తెచ్చాయి. యేల్ మాత్రం శాట్, ఏసీటీలతో పాటు ఏపీ, ఐబీ స్కోర్లనూ అంగీకరిస్తానంది. దీనికి పూర్తిగా ఎదురుదారిలో ఉన్నది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. ప్రవేశానికి శాట్, ఏసీటీ పంపినా చూడదు. అక్కడ హోమ్‌స్కూల్ పిల్లల చిక్కు వేరు. ఏ-జీ అని పిలిచే సబ్జెక్టుల జాబితా ఉంది, ఇంట్లో చదివిన కోర్సులు దానిలో ఆమోదం పొందినవి కావు. ఆ ఖాళీలను ఏపీలో 3 లేదా ఆపై స్కోర్లతో, కమ్యూనిటీ కాలేజీ కోర్సులతో పూరించుకుంటారు. పరీక్ష అక్కర్లేదన్న యూనివర్సిటీయే ఇలా ఇంకో రకం పరీక్షల వైపు నెడుతుంది.

అందరికీ ఐచ్ఛికం అని ప్రకటించి, హోమ్‌స్కూల్ దరఖాస్తుదారులను మాత్రం స్కోరు అడిగే కాలేజీలూ ఉన్నాయి. ఆ వాక్యం ప్రధాన పేజీలో కాక "హోమ్‌స్కూల్ దరఖాస్తుదారులు" అన్న వేరే పేజీలో ఉంటుంది. స్కాలర్‌షిప్పుల్లోనూ ఇలాంటివే. టెనెస్సీ హోప్ స్కాలర్‌షిప్‌కు ప్రభుత్వ బడి పిల్లవాడికి 3.0 జీపీఏ (సగటు గ్రేడు) గానీ, ఏసీటీలో 21 గానీ ఉంటే చాలు. హోమ్‌స్కూల్ పిల్లవాడికి ఇంట్లో వేసిన జీపీఏ దారి లేదు. ఇంట్లో వేసిన మార్కులను బయటివాళ్లు తూచలేకపోవడమే దీని మూలం.

జీఈడీ ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

రాష్ట్ర చట్టం ప్రకారం ఇంట్లో హైస్కూలు పూర్తి చేసిన విద్యార్థికి ఫెడరల్ ఆర్థిక సాయానికి జీఈడీ అవసరం లేదు. ఆ సాయం కోసం పెట్టే ఫాఫ్సా దరఖాస్తులోనే "హోమ్‌స్కూల్" అన్న ఎంపిక ఉంది. పెన్సిల్వేనియాలో 2014 చట్టం తర్వాత, పన్నెండో తరగతి మూల్యాంకనకర్త సంతకం ఉన్న తల్లిదండ్రుల డిప్లొమాకు రాష్ట్ర గుర్తింపు కూడా ఉంది. న్యూయార్క్‌లో ఇంటి చదువుకు రాష్ట్ర డిప్లొమా ఇవ్వరు, అందుకని జిల్లా సూపరింటెండెంట్ నుంచి సమానత్వ లేఖ తీసుకోవడం, తగినన్ని కాలేజీ క్రెడిట్లు చూపడం వంటి వేరే దారులు వెతుక్కుంటారు.

జీఈడీలో నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 145 వస్తే పాస్. చదువు మధ్యలో ఆగినవాళ్లకు, రికార్డులేవీ మిగలనివాళ్లకు అది మంచి దారే. అన్నీ సవ్యంగా ఉన్న పిల్లవాడు "ఎందుకైనా మంచిది" అని రాస్తే ఒక్కోసారి నష్టం. సైన్యంలో చేరేటప్పుడు జీఈడీతో వచ్చినవాళ్లను డిప్లొమా ఉన్నవాళ్ల కంటే కింది శ్రేణిలో పెడతారు.

పరీక్ష ఉండాలా వద్దా: ఎవరి వాదన ఏమిటి

1983లో ఏర్పడిన హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ తప్పనిసరి పరీక్షలను గట్టిగా వ్యతిరేకిస్తుంది. పరీక్ష పెట్టినవాడే చివరికి సిలబస్‌ను నిర్ణయిస్తాడు, అదే జరిగితే ఇంటి చదువుకు అర్థం లేదన్నది వాళ్ల మాట. ఇంట్లో చదివి పెద్దయినవాళ్లు స్థాపించిన కొయలిషన్ ఫర్ రెస్పాన్సిబుల్ హోమ్ ఎడ్యుకేషన్ దీనికి ఎదురు వాదిస్తుంది: తల్లిదండ్రులు చదువు చెప్పకుండా వదిలేస్తే ఆ సంగతి బయటపడే కిటికీ ఒక్కటైనా ఉండాలి. హార్వర్డ్ న్యాయ ఆచార్యురాలు ఎలిజబెత్ బార్తోలెట్ 2020లో ఇంకా ముందుకెళ్లి, అనుమతి లేనిదే హోమ్‌స్కూలింగ్ కుదరదన్న నియమం రావాలన్నారు. దాని మీద పెద్ద దుమారమే రేగింది.

హోమ్‌స్కూల్ పిల్లల సగటు స్కోరు ఎక్కువని చెప్పే లెక్కలు తరచూ వినిపిస్తాయి. వాటిలో చాలావాటికి ఆధారం తమంతట తాము ముందుకొచ్చి పరీక్ష రాసిన కుటుంబాలే. రాయనివాళ్లు ఆ లెక్కలో లేరు. అందుకని ఆ అంకెలతో మెచ్చుకోవడమూ కుదరదు, అవి తప్పని చెప్పి ఇంటి చదువును తీసిపారేయడమూ కుదరదు. ఫలితాన్ని ఇంటి బీరువాలో దాచుకోమనే చట్టాలైతే ఇరువైపుల వాదనలకూ అందవు. నిర్లక్ష్యాన్ని అవి పట్టుకోలేవు, కుటుంబం మీద పెద్ద భారమూ మోపవు. వాటి వల్ల లాభపడేది చిత్తశుద్ధితో చదివించే తల్లిదండ్రులే, బిడ్డ ఎక్కడ వెనకబడ్డాడో వాళ్లకే తెలుస్తుంది.

ఒకే స్కోరుతో ఇద్దరికి జవాబు: వర్జీనియా ఉదాహరణ

వర్జీనియాలో ఇంట్లో చదివిస్తున్న కుటుంబం ఏటా ఆగస్టు 1లోగా పిల్లవాడి పురోగతికి రుజువు ఇవ్వాలి. అచీవ్‌మెంట్ టెస్టులో నాలుగో స్టానైన్ ఒక దారి. లైసెన్సున్న ఉపాధ్యాయుడి మదింపు లేఖ ఇంకో దారి. శాట్, ఏసీటీ, పీశాట్‌లలో దానికి సమానమైన స్కోరునూ చట్టం ఒప్పుకుంటుంది.

పదకొండో తరగతి అమ్మాయి ఏప్రిల్‌లోనే పక్క హైస్కూలు కౌన్సెలర్‌తో మాట్లాడి, అక్టోబరులో పీశాట్ రాసింది. అది నేషనల్ మెరిట్‌కూ పనికొస్తుంది, ఆ ఏడాది రాష్ట్రానికి చూపడానికీ పనికొస్తుంది. సెప్టెంబరులో ఏపీ కోఆర్డినేటర్ నుంచి కోడ్ తీసుకుని మేలో రెండు పరీక్షలు రాసింది. మార్చిలో శాట్ రాస్తే ఫలితం రెండు మూడు వారాల్లో వచ్చింది. తృప్తిగా లేకపోతే జూన్‌లోనో ఆగస్టులోనో మళ్లీ రాయవచ్చు. ఆగస్టు పరీక్ష ఫలితం మాత్రం ఆ ఏడాది రుజువుకు అందదు, గడువు అప్పటికే దాటిపోతుంది. పీశాట్ ఫలితం చేతిలో ఉంది కాబట్టి ఆమె తల్లిదండ్రులు అచీవ్‌మెంట్ టెస్టుకు వేరే డబ్బు కట్టలేదు. జూలైలో ఆ ఫలితం నకలును జిల్లా సూపరింటెండెంట్ కార్యాలయానికి పంపారు.